టముకు కూలి నుంచి యూపీఐ దాకా: హోసూరు, కృష్ణగిరి సీమలో ప్రకటన సొమ్ము కథ

ప్రకటనకు రెండు ఖర్చులుంటాయి. ఒకటి మాట పదిమందికి చేర్చే ఖర్చు. రెండోది ఆ చేర్చినవాడి లెక్క తీర్చే ఖర్చు. మొదటిదాని గురించి చరిత్రలు చాలా ఉన్నాయి. రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. సొమ్ము ముందివ్వాలా, పని అయ్యాక ఇవ్వాలా, అప్పు ఎన్నాళ్లు, పన్ను ఎవరు కట్టాలి, చిట్టా ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్నలు టముకు కాలం నుంచి ఫేస్‌బుక్ కాలం దాకా మారలేదు. జవాబులే మారుతూ వచ్చాయి. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడూ కలిసే మూలన ఉన్న హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో ఆ మార్పులన్నీ ఒకదాని మీద ఒకటి పొరలుగా కనిపిస్తాయి.

కల్లంలో తీరిన లెక్క

1792 శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కృష్ణగిరి అందులోని ముఖ్యమైన కోట. అలెగ్జాండర్ రీడ్ ఆ సీమ పాలన చూశాడు. ఆయన కింద సహాయకుడిగా ఉన్న థామస్ మన్రో ఇక్కడే రైతువారీ విధానపు ఓనమాలు దిద్దుకున్నాడు. 1799లో టిప్పు సుల్తాన్ హతమయ్యాక హోసూరు వైపు ఎగువ భూములు కూడా సేలం జిల్లాలో కలిశాయి. అప్పటి పల్లెలో శిస్తు గడువైనా, సంత మార్పైనా, జాతర తేదీ అయినా ఊరికి తెలిసేది చాటింపుతోనే. వెట్టి, తోటి అనే గ్రామ సేవకులు డప్పు కొట్టి చాటేవారు.

ఆ పనికి రోజు కూలి ఉండేది కాదు. పంట నూర్చినప్పుడు కల్లంలో కొలిచిచ్చే ధాన్యపు వంతును తెలుగులో మేర అంటారు. కొన్నిచోట్ల మాన్యం భూమి కూడా ఉండేది. ఏడాదంతా చాటిన చాటింపులన్నిటికీ లెక్క పంట రోజున ఒకేసారి తీరేది. పంట పోతే మేర కూడా పోయేది. కులాన్నిబట్టి తరతరాలుగా నెత్తినపడిన పని కాబట్టి ధర అడిగే హక్కు చాటేవాడికి లేదు. 19వ శతాబ్ది రెండో సగంలో మద్రాసు ప్రభుత్వం మేరల స్థానంలో నగదు జీతాలు తెచ్చింది. డప్పు మాత్రం ఆగలేదు.

సంత వర్తకుడి చాటింపు వేరు. కృష్ణగిరి జిల్లాలో ఇప్పటికీ పేరున్న పోచంపల్లి సంత వంటి చోట్ల బేరగాడు తన సరుకు తానే కేకేసి అమ్ముకునేవాడు, లేదా మరొకడితో కేకేయించి అక్కడికక్కడే నాలుగు డబ్బులు చేతిలో పెట్టేవాడు. ఊరి చాటింపు అప్పు లెక్కగా, సంత కేక రొక్కపు లెక్కగా నడిచాయి. తర్వాత వచ్చిన ప్రకటన పద్ధతులన్నీ ఈ రెంటిలో ఏదో ఒకదాని వైపు మొగ్గినవే.

తపాలా తెచ్చిన మార్పు

పత్రికల్లో ప్రకటన వేయడం మన దేశంలో పత్రికతోపాటే పుట్టింది. 1780లో హికీ కలకత్తాలో పెట్టిన బెంగాల్ గెజిట్ తనను తాను కలకత్తా జనరల్ అడ్వర్టైజర్ అని కూడా పిలుచుకుంది. మద్రాసు కొరియర్ 1785లో మొదలైంది. అయితే హోసూరు వంటి దూరపు ఊళ్లకు ప్రకటన వ్యాపారం చేరడానికి తపాలా శాఖ రెండు పద్ధతులు తేవలసి వచ్చింది: 1877లో వచ్చిన వీపీపీ, 1880లో తపాలా శాఖ చేపట్టిన మనియార్డరు. వీపీపీ అంటే సరుకు పోస్టులో వస్తుంది, సొమ్ము పోస్టుమాన్ చేతికిచ్చి పొట్లం తీసుకోవాలి. కొనేవాడికి అమ్మేవాడి ముఖం తెలియనక్కరలేదు. నడుమ తపాలా శాఖ పూచీ.

తెలుగువారిలో ఈ పద్ధతి సత్తా చూపినవాడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, దాన్ని ప్రకటనలతో ఇంటింటి పేరు చేశాడు. ఆ లాభంతో 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రికను స్థాపించాడు. 1914లో మద్రాసు నుంచి అది దినపత్రికగా వెలువడింది. సరుకు, ప్రకటన, పత్రిక మూడూ ఒకే ఇంటివి కావడంతో ప్రకటన బిల్లు కుడి జేబులోంచి ఎడమ జేబులోకి వెళ్లే సొమ్ము అయింది. వీపీపీ ఆర్డర్లు లెక్కపెట్టుకుంటే ఏ ప్రకటన పనిచేసిందో తెలిసేది. ఒక్కో ఫలితానికి ఎంత ఖర్చయిందని ఇప్పటి యాడ్ ఖాతా చూపే అంకె వెనక ఉన్న ఆలోచన ఆ రోజుల్లోనే ఉంది.

కాలమ్ సెంటీమీటరు, పదిహేను శాతం

పత్రికలు పెరిగాక బిల్లుకు ఒక కొలత కావాల్సి వచ్చింది. అది మొదట కాలమ్ అంగుళం, తర్వాత కాలమ్ సెంటీమీటరు. 1939లో పత్రికల యజమానులు పెట్టుకున్న సంఘం, తర్వాతి కాలపు ఇండియన్ న్యూస్‌పేపర్ సొసైటీ, ఏజెన్సీలకు గుర్తింపునిచ్చే పద్ధతి తెచ్చింది. గుర్తింపు ఉన్న ఏజెన్సీకి 15 శాతం కమిషన్, బిల్లు కట్టడానికి గడువు. గుర్తింపు లేనివాడు ముందే రొక్కం కట్టాలి. ప్రకటనదారు రిలీజ్ ఆర్డరు ఇస్తే ప్రకటన అచ్చయ్యేది, అచ్చయిన కాగితం సాక్ష్యంగా బిల్లుతో వచ్చేది, ఆ తర్వాతే చెక్కు. ఆ అప్పుకు పునాది ఏజెన్సీ పరువు.

చిన్న ఊళ్లో ఈ గొలుసు ఇంకాస్త పొట్టిది. దినతంతి 1942లో, దినమలర్ 1951లో మొదలై తమిళ జిల్లాల మూలమూలకూ వెళ్లాయి. ఊళ్లోని ఏజెంటో విలేకరో బట్టల కొట్టు, నగల కొట్టు, సినిమా హాలు చుట్టూ తిరిగి పండగ ప్రకటనలు పోగుచేసేవాడు. సొమ్ము వసూలు పూచీ కూడా అతని నెత్తినే. సరిహద్దుకు అవతల, కృష్ణగిరిని ఆనుకుని ఉన్న కుప్పం చిత్తూరు జిల్లాలోది; అక్కడ నడిచేది తెలుగు పత్రిక. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు 1989లో జిల్లాకొక చిన్న అనుబంధం తెచ్చింది. రాష్ట్రమంతటి ధర కట్టలేని చిన్న వర్తకుడు తన జిల్లాకే సరిపడే ధరకు ప్రకటన వేసుకోగలిగాడు. ప్రకటనను ఇంత మేరకే, ఇక్కడి వారికే అని కోసి అమ్మడం తెలుగు పత్రికా రంగంలో అలా స్థిరపడింది. ఇరవై ఏళ్ల తర్వాత ఫేస్‌బుక్ చేసింది ఆ కోతను జిల్లా నుంచి వీధికి దించడమే.

ఫ్యాక్టరీ ఇక్కడ, బిల్లు అక్కడ

1970లలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక హోసూరు రూపు మారిపోయింది. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ ఇక్కడి నుంచే బయటికొచ్చింది. అశోక్ లేలాండ్ కూడా అదే కాలంలో వచ్చింది. 1984లో టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి పెట్టిన టైటాన్ 1987 నాటికి హోసూరు గడియారాలను దేశమంతటా అమ్మింది. మోజార్ట్ 25వ సింఫనీలోని బాణీతో ఓగిల్వీ ఏజెన్సీ తీసిన టైటాన్ ప్రకటన ఇంటింటికీ తెలిసింది. దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు 1976 జనవరి 1న మొదలయ్యాయి. ఈ సరుకులకు అది పెద్ద వేదిక.

అయినా ఆ ప్రకటనల సొమ్ము హోసూరు చేతుల మీదుగా నడవలేదు. గడియారం హోసూరులో బిగించేవారు. ప్రకటన నిర్ణయం, ఏజెన్సీ, బిల్లు అంతా బెంగళూరు, ముంబై వంటి నగరాల మాట. స్థానికంగా మిగిలింది గోడ రాత, సినిమా హాలు స్లయిడ్, కరపత్రం, ఆటో మీద మైకు. ఇవన్నీ రొక్కపు బేరాలు. సగం అడ్వాన్సు, సగం పని అయ్యాక.

గోడకూ బోర్డుకూ పన్ను కూడా ఉండేది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్రాల జాబితాలోని 55వ అంశం పత్రికల్లో వేసేవి తప్ప ఇతర ప్రకటనల మీద పన్ను అధికారాన్ని రాష్ట్రాలకిచ్చింది. తర్వాత రేడియో, టీవీలను కూడా అందులోంచి మినహాయించారు. అనుమతి లేకుండా బహిరంగ స్థలాలను పాడుచేయకుండా తమిళనాడు 1959లోనే చట్టం చేసింది. ఫ్లెక్సీ యంత్రాలు వచ్చాక రాత్రికి రాత్రే బోర్డులు లేవసాగాయి. 2019 సెప్టెంబరులో చెన్నైలో ఒక బ్యానరు పడి ద్విచక్రవాహనంపై వెళ్తున్న యువతి చనిపోయింది. ఆ తర్వాత కోర్టు ఆగ్రహం, అధికారుల తనిఖీలు రాష్ట్రమంతటా పెరిగాయి. బ్యానరు మీద కట్టడి బిగిసే కొద్దీ చిన్న వర్తకుడికి ఫోను తెర చవకైన గోడగా కనిపించింది.

కార్డు ఉన్నవాడిదే ఖాతా

ఆన్‌లైన్ ప్రకటనలో బిల్లు పద్ధతికి మూలరూపం 2000 అక్టోబరులో గూగుల్ తెచ్చిన యాడ్‌వర్డ్స్. ఏజెన్సీ లేదు, రిలీజ్ ఆర్డరు లేదు. క్రెడిట్ కార్డు అంకెలు ఇస్తే ఎవరైనా ప్రకటనదారే. 2007 నవంబరులో ఫేస్‌బుక్ తన ప్రకటన వ్యవస్థను ప్రకటించింది. ఈ రెండు సంస్థల భారతీయ చరిత్రలోనూ హైదరాబాద్ ఉంది. గూగుల్ 2004లో అక్కడ కార్యాలయం తెరిచింది. ఫేస్‌బుక్ దేశంలో తన మొదటి కార్యాలయాన్ని 2010లో అక్కడే పెట్టింది. ప్రకటనదారులకు సాయం చేయడం ఆ కార్యాలయం పనుల్లో ఒకటి.

హోసూరు కొట్టుకు అప్పటికి అది అందలేదు. విదేశీ లావాదేవీకి పనికొచ్చే క్రెడిట్ కార్డు చిన్న వర్తకుల్లో అరుదు. అందుకని కార్డున్న కుర్రవాడు ఏజెంటయ్యాడు. కొట్టు యజమాని దగ్గర రొక్కం పుచ్చుకుని, తన కార్డుతో పోస్టును బూస్ట్ చేసి, తేడా కూలిగా ఉంచుకున్నాడు. పత్రిక ఏజెంటు పద్ధతే తిరిగొచ్చింది. ఒక్క తేడా: పత్రికలో బిల్లు వర్తకుడి పేర వచ్చేది, ఇక్కడ ఖాతా, బిల్లు, అందులో పోగైన వివరాలు అన్నీ ఏజెంటు పేరనే మిగిలాయి. ఇద్దరికీ చెడితే వర్తకుడి చేతిలో ఏమీ ఉండేది కాదు.

2016లో రెండు సంగతులు ఈ అడ్డు తొలగడానికి దారి వేశాయి. ఏప్రిల్‌లో యూపీఐ ఆరంభమైంది. సెప్టెంబరులో జియో చవక డేటా వచ్చింది. నవంబరు 8 నోట్ల రద్దు తర్వాత మామిడి మండీలో, పూల బజారులో కూడా క్యూఆర్ కోడ్ అలవాటైపోయింది. 2019లో నగరపాలక సంస్థగా మారిన హోసూరులో స్థలాల లేఅవుట్లు, పాఠశాలలు, ఆసుపత్రులు, నగల కొట్లు నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు కొనుగోలుదారు కోసం ప్రకటనలు వేయసాగాయి. ఇక్కడ ఒకే కొట్టు తమిళం, తెలుగు, కన్నడం మూడింటా ప్రకటన రాయించి ఖర్చును మూడు వాటాలు చేయాల్సి వస్తుంది. 2024లో కృష్ణగిరి నుంచి గెలిచిన కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు. ఆ నియోజకవర్గంలో తెలుగు మాట బరువు ఎంతో అందులో తెలుస్తుంది.

పన్ను ఎవరిది

మొదట్లో ఫేస్‌బుక్ బిల్లు ఐర్లండ్‌లోని కంపెనీ పేర వచ్చేది. విదేశీ కంపెనీకి కట్టే ప్రకటన సొమ్ము మీద కేంద్రం 2016 జూన్ 1 నుంచి 6 శాతం ఈక్వలైజేషన్ లెవీ వేసింది. గూగుల్ పన్నుగా ఇది పేరుపడింది. ఏడాదిలో ఒకే విదేశీ సంస్థకు లక్ష రూపాయలు దాటి చెల్లించే వ్యాపారి దాన్ని మినహాయించి ప్రభుత్వానికి జమచేయాల్సి ఉండేది. ఫేస్‌బుక్, గూగుల్ వంటి వేదికలు భారతీయ కంపెనీల ద్వారా బిల్లు ఇవ్వడం మొదలుపెట్టాక చిన్న ప్రకటనదారుకు ఆ బెడద తప్పింది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ లెవీనే ఎత్తేశారు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. దానికి దారి వేసిన 101వ రాజ్యాంగ సవరణ పాత 55వ అంశాన్ని తొలగించింది. ఆన్‌లైన్ ప్రకటనకు 18 శాతం, అచ్చు పత్రికలో స్థలానికి 5 శాతం. రోజుకు 300 చొప్పున పది రోజులు ప్రకటన నడిపితే ఖర్చు 3,000, పన్ను 540, మొత్తం 3,540 రూపాయలు. ఖాతా చెల్లింపు సెట్టింగుల్లో జీఎస్టీ నంబరు రాసి ఉంచిన నమోదిత వ్యాపారి ఆ 540ని తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోగలడు. నంబరు రాయనివాడికి, కాంపోజిషన్ పథకంలో ఉన్నవాడికి అది నికర ఖర్చు. అచ్చయిపోయిన బిల్లు మీదికి తర్వాత రాసిన నంబరు ఎక్కదు.

మూడు రాష్ట్రాల కూడలిలో ఈ నంబరు మొదటి రెండంకెలు కూడా ముఖ్యమే. తమిళనాడు 33, కర్ణాటక 29, ఆంధ్రప్రదేశ్ 37. హోసూరులో కొట్టు, బెంగళూరులో శాఖ ఉన్నవారు ఏ శాఖ ప్రకటనకు ఏ నంబరు ఇచ్చారో చూసుకోవాలి. ఒక రాష్ట్రపు నమోదులో జమపడిన పన్ను మరో రాష్ట్రపు నమోదుకు పనికిరాదు. బిల్లిచ్చే కంపెనీ వేరే రాష్ట్రంలో నమోదై ఉంటే బిల్లులో ఐజీఎస్టీ (అంతర్రాష్ట్ర జీఎస్టీ) ఒక్కటే కనిపిస్తుంది. ప్రకటన ఒప్పందాలకు ఆదాయపు పన్ను చట్టం కింద టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) కూడా ఉంది. పాత చెక్కు బిల్లులో దాన్ని కోసుకుని మిగతాది ఇచ్చేవారు. యాడ్ ఖాతా సొమ్ము మొత్తం ముందే లాగేసుకుంటుంది కాబట్టి, టీడీఎస్ పరిధిలోకి వచ్చే వ్యాపారి దాన్ని విడిగా కట్టి వేదిక నుంచి తిరిగి రాబట్టుకోవాల్సి వస్తుంది.

2021 అక్టోబరు

యాడ్ ఖాతా సహజంగా అప్పు ఖాతా. వేదిక ఒక చిన్న హద్దు పెడుతుంది. దాన్నే త్రెషోల్డ్ అంటారు. ప్రకటన ఖర్చు ఆ హద్దు తాకగానే, లేదా నెలలో నిర్ణీత బిల్లు తేదీ రాగానే, ఏది ముందైతే అప్పుడు, కార్డులోంచి సొమ్ము దానంతటదే పోతుంది. సకాలంలో కడుతూపోతే హద్దు పెరుగుతుంది. పాత మండీలో నమ్మకమైన రైతుకు అప్పు పరిమితి పెంచిన తీరే ఇది. మండీలో పెంచేది మనిషి, ఇక్కడ యంత్రం.

ఈ పద్ధతికి మన దేశంలో రిజర్వ్ బ్యాంకు నిబంధన అడ్డుపడింది. కార్డు నుంచి పదేపదే సొమ్ము లాగే లావాదేవీలకు 2019 ఆగస్టులో అది ఇ-మాండేట్ షరతులు ప్రకటించింది. అవి 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమలయ్యాయి. ముందుగా ఖాతాదారు అనుమతి నమోదుకావాలి. సొమ్ము లాగడానికి కనీసం 24 గంటల ముందు కబురు రావాలి. 5,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాల్సి వచ్చేది. 2022 జూన్‌లో ఆ హద్దును 15,000 చేశారు. అద్దె, చందా వంటి నెలవారీ చెల్లింపుకు ఇది సరిపోతుంది. ఏ గంటకు ఎంతవుతుందో తెలియని ప్రకటన ఖర్చుకు సరిపోలేదు. కార్డు తిరస్కరణలు, ఆగిపోయిన ప్రకటనలు మామూలైపోయాయి.

దాంతో చిన్న ప్రకటనదారుల్లో చాలామంది ముందు సొమ్ము వేసుకునే పద్ధతికి మళ్లారు. యూపీఐతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో ఖాతాలో కొంత వేస్తే అది అయిపోయేదాకా ప్రకటన నడుస్తుంది, అయిపోగానే ఆగుతుంది. అప్పు లేదు, అనుకోని బిల్లు లేదు. సంతలో కేకకు ముందే చేతిలో పెట్టిన డబ్బు లాంటిదే ఇది. పండగ రద్దీలో నిల్వ అయిపోతే ప్రకటన సరిగ్గా అప్పుడే ఆగిపోవడం ఇందులోని లోపం.

సెట్టింగుల్లో మిగిలిన పాత ఆచారాలు

ఇప్పటి చెల్లింపు సెట్టింగులను ఈ చరిత్రతో పోల్చి చూస్తే ప్రతి మీటకూ ఒక పూర్వీకుడు కనిపిస్తాడు. రోజువారీ బడ్జెట్ ఆటో మైకువాడి రోజు బేరం. వేదిక ఒక రోజు కాస్త ఎక్కువ, మరో రోజు కాస్త తక్కువ ఖర్చుపెట్టవచ్చు. వారం మొత్తం మీద మాత్రం రోజు బడ్జెట్‌కు ఏడు రెట్లు దాటదు. ఖాతా మొత్తానికి పెట్టే ఖర్చు పరిమితి ఇంటిపెద్ద గుమాస్తాకు గీసిన గీత. ఖాతా దొంగల పాలైనా, అంకె తప్పుగా కొట్టినా నష్టాన్ని ఆపేది అదే. రెండో చెల్లింపు మార్గాన్ని జతచేయడం మధ్యవర్తి పూచీ లాంటిది. మొదటి కార్డు విఫలమైతే బాకీ దాని మీదికి మళ్లుతుంది. రెండూ విఫలమైతే బాకీ తీరేదాకా ప్రకటనలు ఆగుతాయి.

ఎవరు ఏం చేయవచ్చన్న అధికారాల పట్టిక కూడా పాతదే. పెట్టె తాళం యజమాని దగ్గర, చిట్టా గుమాస్తా దగ్గర ఉండేవి. నిర్వాహకుడు కార్డు మార్చగలడు. ప్రకటనలు నడిపేవాడు ఉన్న కార్డును వాడగలడు కానీ మార్చలేడు. చూసేవాడికి అంకెలు మాత్రమే కనిపిస్తాయి. 2014లో ఫేస్‌బుక్ బిజినెస్ మేనేజర్ తెచ్చిన ఈ ఏర్పాటు వల్ల ఏజెంటు పని చేస్తాడు, ఖాతా యజమాని పేరనే ఉంటుంది.

మార్చలేని సంగతులూ ఉన్నాయి. ఖాతా తెరిచేటప్పుడు ఎంచుకున్న కరెన్సీ, టైమ్ జోన్ తర్వాత మార్చాలంటే కొత్త యాడ్ ఖాతా తెరవాల్సి వస్తుంది. పాతది మూతపడుతుంది. రూపాయల బదులు డాలర్లు ఎంచుకున్నవాడికి యూపీఐ కనిపించదు.

డప్పు ఆగిన ఏడు

2022 ఆగస్టులో తమిళనాడు ప్రధాన కార్యదర్శి వి. ఇరై అన్బు జిల్లా కలెక్టర్లకు లేఖ రాశారు. దండోరా వేయించే పద్ధతి ఇక ఆపాలని, కావలసివస్తే వాహనాలకు మైకులు కట్టి చాటించాలని అందులో చెప్పారు. రెండు శతాబ్దాలకు పైగా ఈ సీమ పల్లెల్లో మోగిన డప్పుకు సర్కారు పని అలా ముగిసింది. తన కూలిని తాను నిర్ణయించుకోలేనివాడి చేత చాటించుకున్న ఊరికి ఇప్పుడు చాటింపు ధరను పూటపూటకూ తగ్గించి పెంచే మీట చేతికొచ్చింది. ఆ మీట నొక్కే హక్కు మాత్రం ఖాతా ఎవరి పేర ఉందో వారిదే. హోసూరులో కొట్టు పెట్టి ఇంకొకరి ఖాతాలో ప్రకటన వేయించుకునే వర్తకుడు సొమ్ము తన సొంతమైనా లెక్క విషయంలో ఇంకా కల్లం దగ్గర మేర కోసం నిలబడినవాడే.